ఈ కాగితం ఎవరి చేతికి?

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే మొదలైనప్పుడు మా వీధికి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు వచ్చాడు. చేతిలో అచ్చు ఫారాల కట్ట, మెడలో గుర్తింపు కార్డు. మర్యాదస్తుడు. వరండాలో కూర్చున్న మా మేనత్తను "అమ్మా, మీ పేరు, వయసు, కులం చెప్పండి" అని అడిగాడు. ఆమె అతని ముఖం కంటే అతని కలం వైపే ఎక్కువసేపు చూసింది. "ఎవురికిస్తావు నాయనా ఈ కాయితం?" అంది. "ప్రభుత్వానికమ్మా" అన్నాడతను. అత్తయ్య మెల్లగా లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. "నేను ఊళ్లో లేనని రాసుకోమను" అన్న మాట మాత్రం లోపలి నుంచి వినిపించింది.

నేను ఇబ్బంది పడ్డాను. కులగణన జరగాలని సభల్లో మాట్లాడినవాణ్ని, వ్యాసాలు రాసినవాణ్ని. జనాభాలో ఎవరెంతో తేలనిదే ఎవరి వాటా ఎంతో తేలదని విద్యార్థులకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ని. తీరా లెక్క మా గడప దాకా వచ్చినరోజు మా ఇంటి పెద్దావిడ తలుపు వేసుకుంది. ఆమెది చదువులేని మనిషి భయమని సరిపెట్టుకోవడం సులువే. కానీ ఆమె అన్న ఆ ఒక్క మాట వెనుక ఒక చరిత్ర ఉంది. "ఊళ్లో లేడు" అని ఎవరైనా రాసుకుంటే ఆమె తండ్రి, అంటే మా తాత, జైలుకు పోవలసి వచ్చే రోజులవి.

మేము ఎరుకల వాళ్లం. మా తాత పేరు నెల్లూరు సీమలోని ఒక సెటిల్మెంటు రిజిస్టరులో ఉండేది. అత్తయ్య పుట్టింది అక్కడే. రాత్రి రెండుసార్లు హాజరు వేసేవారనీ, వాన కురిసినా జ్వరం వచ్చినా మగవాళ్లు వరుసలో నిలబడవలసిందేననీ, పక్క ఊళ్లో చావు జరిగితే పోవడానికి కూడా చీటీ రాయించుకోవాలనీ ఆమె చెబుతుంది. ఆ చీటీ మీద ఎక్కడికి, ఏ దారిన, ఎప్పటికి తిరిగి రావాలో ఉండేదట. ఒకసారి తిరుగు ప్రయాణంలో వాగు పొంగి మా తాత ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. ఆ ఒక్కరోజుకు ఆయన జైలుకు వెళ్లాడు. దొంగతనం ఆరోపణ ఆయన మీద ఎన్నడూ లేదు. కుటుంబంలో మాకు తెలిసిన ఆయన నేరం అదొక్కటే: ఉండవలసిన చోట, ఉండవలసిన వేళకు లేకపోవడం.

ఈ రిజిస్టరుకు పుట్టుక 1871లో వచ్చిన నేరస్త జాతుల చట్టం. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తర భారతంలో కదిలే ప్రతి గుంపునూ అనుమానంతో చూసిన బ్రిటిష్ పాలన ముందుగా పంజాబు, అవధ్, వాయవ్య రాష్ట్రాల కోసం దీన్ని తెచ్చింది. చట్టానికి మద్దతుగా నాడు వినిపించిన వాదన మన పాఠకులకు కొత్తగా అనిపించదు. ఈ దేశంలో వృత్తులు కులాన్నిబట్టి తరతరాలుగా వస్తాయి గదా, నేతగాడి కొడుకు నేతగాడైనట్టే నేరం చేసేవాడి కొడుకూ నేరమే చేస్తాడని ఆ వాదన సారాంశం. అంటే వలస పాలకుడు కొత్త సిద్ధాంతం కనిపెట్టలేదు. పుట్టుకే మనిషి గుణాన్ని, పనిని నిర్ణయిస్తుందన్న వర్ణధర్మాన్ని తీసుకుని దానికి గెజిటు రూపం ఇచ్చాడు.

1911లో ఆ చట్టాన్ని మార్చి బ్రిటిష్ ఇండియా అంతటికీ విస్తరించారు. మద్రాసు ప్రెసిడెన్సీ దాని కిందికి వచ్చింది అప్పుడే. 1924లో సవరణలన్నీ కలిపి మళ్లీ ఒక చట్టంగా రాశారు. మా ఎరుకల వాళ్లు ఆ జాబితాలోకి ఎందుకు ఎక్కారన్నది తెలుసుకోవలసిన సంగతి. మాలో ఉప్పు ఎరుకల అని ఒక తెగ పేరే ఉంది. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట సీమలకు మోసుకుపోయి, అక్కడి ధాన్యాన్ని తీరానికి తెచ్చిన వర్తకులు వాళ్లు. రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. అడవి చట్టాలు మేతనూ వెదురునూ దూరం చేశాయి. 1876-78 కరువు మిగిలినదాన్ని ఊడ్చేసింది. బతుకుతెరువు పోయిన సంచారిని ఆదుకోవలసిన సర్కారు అతని సంచారాన్నే నేరానికి ఆనవాలుగా చూసింది.

ఇక ఆ యంత్రాంగం పనిచేసిన తీరు చూడండి. మొదట ఒక జాతిని మొత్తంగా నేరస్త జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. తరువాత జిల్లా మేజిస్ట్రేటు ఆ జాతివాళ్ల పేర్లతో రిజిస్టరు తయారు చేయిస్తాడు. తన పేరు తప్పుగా చేరిందని ఎవరైనా మొరపెట్టుకోవాలంటే ఆ జిల్లా మేజిస్ట్రేటుకే మొరపెట్టుకోవాలి. రాయించినవాడే విచారించేవాడు. పేరు ఎక్కిన మనిషి అడిగినప్పుడు వేలిముద్రలు ఇవ్వాలి. నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలి. ఇల్లు మారినా ఊరు దాటినా ముందుగా చెప్పాలి. రిజిస్టరులో ఉన్నవాడు అనుమానాస్పద పరిస్థితుల్లో కనిపించాడని మేజిస్ట్రేటు నమ్మితే మూడేళ్ల వరకు జైలు. అవసరమనుకుంటే కుటుంబాలనే సెటిల్మెంటులోకి తరలించవచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది.

ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉంటూ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వెలువరించిన ఎడ్గర్ థర్స్టన్, మనుషుల తలలూ ముక్కులూ కొలిచే విద్యను పోలీసు అధికారులకు కూడా బోధించాడు. కులాల గురించి తెలుసుకోవడం, కులాలను అదుపులో పెట్టడం అన్న రెండు పనులూ అలా ఒకే గదిలో జరిగాయి. ఎదుటివాళ్లకు ఎరుక చెప్పి బతికిన మా ఆడవాళ్ల గురించి సర్కారు సంపాదించిన ఎరుక ఈ కొలతలూ ముద్రలే.

తెలుగు నేల మీద ఈ సెటిల్మెంట్లు 1910ల నుంచి వెలిశాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచాయి. నెల్లూరు జిల్లా కావలిలోని సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు అనే అధికారి పేరే స్టువర్టుపురానికి పెట్టారు. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యారు. కదలడానికి వీల్లేని మనిషి కూలి బేరమాడలేడు, పని మానేసి మరోచోటికి పోలేడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో ఈ శ్రమ సంబంధాన్ని వివరంగా నిరూపించారు. సంస్కరణ పేరిట తెరిచిన రిజిస్టరు యజమానికి చవక కూలీల హాజరు పట్టీగా కూడా పనికొచ్చింది.

ఇదంతా తెల్లదొరల పాపమని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. నమోదైన మనిషి ఊళ్లో కనిపించకపోయినా, కొత్త మనిషి వచ్చినా పోలీసుకు కబురు చేసే బాధ్యతను చట్టం గ్రామ పెద్దల మీద, కావలివాళ్ల మీద, భూస్వాముల మీద పెట్టింది. ఊరి మునసబు ఎవరు, కరణం ఎవరు, భూస్వామి ఎవరు? ఏ కులాలవారు? కలెక్టరు సంతకం చేసిన రిజిస్టరును రోజువారీగా అమలు చేసింది ఊరి కులవ్యవస్థ. కూలి ఎగ్గొట్టినా, గొర్రెను తోలుకుపోయినా ఎదురు చెప్పే ఎరుకలవాణ్ని నోరు మూయించడానికి "స్టేషనుకు కబురు పెడతా" అన్న ఒక్క మాట చాలు.

భాషలో ఈనాటికీ ఆ రిజిస్టరు మిగిలే ఉంది. అల్లరి పిల్లవాణ్ని మనం "కేడీగాడు" అని ముద్దుగానో కోపంగానో తిడతాం. పోలీసు దస్త్రాల్లో 'నోన్ డిప్రెడేటర్', అంటే ఎరిగున్న దోపిడీగాడు అనే మాటకు పొడి అక్షరాలవి. మా తాతల పేర్ల పక్కన గీసిన గీత మన ఇళ్లలో తిట్టుగా స్థిరపడింది. స్టువర్టుపురం అనగానే దొంగలు గుర్తుకొచ్చేలా చేసింది మాత్రం ముద్దు మాట ఏమీ కాదు. ఆ ఊరి నుంచి వచ్చిన పిల్లవాడు కాలేజీలో తన ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తడబడతాడో ఆలోచించండి.

పేరు రాసి మనిషిని గడిలో పెట్టడం ఒక్క మన దేశపు కథే అయితే ఇంత చింత అక్కరలేదు. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులు పేర్లు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని శాసించినప్పుడు, 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులో భారతీయులు గాంధీ నాయకత్వంలో తమ నమోదు పత్రాలను మూకుమ్మడిగా తగలబెట్టారు. 1950లో అక్కడి జాతివివక్ష ప్రభుత్వం 'జనాభా నమోదు చట్టం' తెచ్చి ప్రతి మనిషినీ జాతి పేరుతో ఒక గడిలో రాసింది. ఎక్కడ ఉండాలి, ఏ బడిలో చదవాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నవన్నీ ఆ గడి నుంచే తేలాయి. మద్రాసు రేవు నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల వారసులూ అందులో ఒక గడికి చేరారు. 1952లో వచ్చిన మరో చట్టం పేరులో 'పాసుల రద్దు' అని ఉంది. అది చేసిన పని మాత్రం నల్లవాళ్లందరి జేబుల్లో అంతకుముందున్న చీటీల బదులు ఒక పుస్తకాన్ని పెట్టడం. ఆ పుస్తకాలకు వ్యతిరేకంగా 1960 మార్చి 21న షార్ప్‌విల్ పోలీసు స్టేషను ముందు చేరిన జనం మీద కాల్పులు జరిపి 69 మందిని చంపారు. జనాభా నమోదు చట్టం రద్దయింది 1991లో.

రద్దు అనే మాటను అందుకే జాగ్రత్తగా చదవాలి. మద్రాసు రాష్ట్రంలో నేరస్త జాతుల చట్టం 1947లో రద్దయింది. అప్పటికి మా అత్తయ్యకు పదేళ్లు. దేశమంతటికీ ఏం చేయాలో తేల్చడానికి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో వేసిన కమిటీ రద్దునే సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న కేంద్రం చట్టాన్ని రద్దు చేసింది. విముక్త జాతులు అన్న పేరు అప్పటి నుంచే. కానీ మద్రాసులో 1948లోనే అలవాటైన నేరస్తుల చట్టం సిద్ధమైంది. ఆంధ్రప్రదేశ్ 1962లో అలాంటి చట్టమే చేసుకుంది. జాతి అన్న మాట పోయి అలవాటు అన్న మాట వచ్చింది. అనుమానితుల జాబితాలు, హిస్టరీ షీట్లు మాత్రం పాత పేటల చుట్టూనే తిరిగాయి. ఊళ్లో ఏ దొంగతనం జరిగినా మా చిన్నాన్నను స్టేషనుకు పిలవడం నా చిన్నతనంలో ఒక మామూలు సంగతి. పిలవడానికి వచ్చిన కానిస్టేబుల్ మా ఇంట్లోనే మంచినీళ్లు తాగి, "ఏం చేయమంటావు, పేరు ఉంది కదా" అనేవాడు.

ఇది గతం అనుకుంటే 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు చూడండి. వెనుకబడిన, షెడ్యూల్డు కులాల, తెగల మనుషుల పేర్లను హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించకుండా జాగ్రత్త వహించాలని మే నెలలో వచ్చిన తీర్పు చెప్పింది. జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని, ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో వచ్చిన తీర్పు ఆదేశించింది. విముక్త జాతులవారిని పుట్టు నేరస్తులుగా చూసే జైలు నిబంధనలను అదే తీర్పు తప్పుపట్టింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు అత్యున్నత న్యాయస్థానం రిజిస్టరులోని ఒక గడి గురించి ఆదేశం ఇవ్వవలసి వచ్చింది.

అలాగైతే కులగణన కూడా వద్దనాలా? కాదు. కులం అడిగితే సమాజం చీలిపోతుందని వాదించేవాళ్లు మా అత్తయ్య భయాన్ని తమ సాక్ష్యంగా వాడుకోకూడదు. ఆమె భయం వేరు, వాళ్ల భయం వేరు. తమ వాటా ఎంత ఎక్కువో బయటపడుతుందని వాళ్లకు బెంగ. తన పేరు పక్కన ఎవరో ఏదో రాస్తారని ఆమెకు బెంగ. విముక్త జాతుల్లో కొందరు ఎస్సీల్లో, కొందరు ఎస్టీల్లో, కొందరు బీసీల్లో ఉన్నారు. ఏ జాబితాలోనూ చేరనివాళ్లు కూడా ఉన్నారని రెంకె, ఇదాతే కమిషన్లు రెండూ చెప్పాయి. వాళ్లెందరో తేలకుండా బడి, ఇల్లు, ఉపకార వేతనం ఏదీ వాళ్ల దాకా రాదు. ఒకప్పుడు రిజిస్టరులో ఉండి నష్టపోయినవాళ్లు ఇప్పుడు లెక్కలో లేక నష్టపోతున్నారు.

కాబట్టి తేల్చుకోవలసింది లెక్కకూ రిజిస్టరుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది. లెక్క 'ఎందరు' అని అడుగుతుంది. జవాబు వచ్చాక దానికి పేర్లతో పని లేదు. రిజిస్టరు 'ఎవరు, ఎక్కడ' అని అడుగుతుంది. పేరు లేకపోతే దానికి బతుకే లేదు. లెక్క ముగిశాక ఫలితం జనం చేతికి రావాలి. రిజిస్టరు మాత్రం ఎప్పటికీ అధికారి బల్ల మీదే ఉంటుంది.

ఈ గీత మన చట్టాల్లో కొంత ఉంది. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం జనగణనలో రాసుకున్న వ్యక్తి వివరాలు ఎవరి తనిఖీకీ ఇవ్వకూడదు, సాక్ష్యంగా కోర్టులో చెల్లవు. దానికి పూర్తి భిన్నమైనది 2003 నాటి పౌరసత్వ నిబంధనల కింద తయారయ్యే జనాభా రిజిస్టరు. అక్కడ పరిశీలనలో ఒక చిన్న అధికారి ఎవరి పేరు పక్కనైనా 'సందేహాస్పద పౌరుడు' అని గుర్తు పెట్టవచ్చు. గుమ్మం ముందు నిలబడేవాడు ఒకడే ఉపాధ్యాయుడు కావచ్చు, అడిగే ప్రశ్నలు కూడా కొన్ని ఒకటే కావచ్చు. కాగితం చేరే చోటు వేరు. రాష్ట్ర ప్రభుత్వాలు జరిపే సర్వేలు జనగణన చట్టం కిందికి రావు కనుక 15వ సెక్షను రక్షణ వాటికి వర్తించదు. మా అత్తయ్య అడిగిన ప్రశ్న సరిగ్గా ఈ లోటును పట్టుకుంది.

పైగా మన ప్రభుత్వాల అలవాటు తలకిందులుగా ఉంది. 2011లో కేంద్రం జరిపిన సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో కులాల లెక్కలు బయటికి రాలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వే పూర్తి వివరాలు ప్రజల ముందుకు రాలేదు. జనానికి ఇవ్వవలసిన పట్టికలను దాచిపెట్టి, దాచవలసిన పేర్లను అధికారుల దగ్గర ఉంచుకున్నారు. 2024 సర్వే ఫలితాల్లో కులవర్గాల శాతాలు 2025 ఫిబ్రవరిలో వెల్లడయ్యాయి. అది మేలే. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న జనగణనలో కులం కూడా అడుగుతామని కేంద్రం ప్రకటించింది. ఈసారి వివరాలు కాగితం మీద కాక ఫోనుల్లో, యంత్రాల్లో ఎక్కుతాయి. పాత రిజిస్టరు ఒక స్టేషను బీరువాలో ఉండేది. కొత్త దస్త్రాన్ని ఇంకో పది దస్త్రాలతో కలపడానికి ఒక్క ఆదేశం చాలు.

అందుకే విద్యార్థులు, బహుజన సంఘాలు కులగణన కావాలన్న డిమాండుతో ఆగకూడదు. రాష్ట్రాల సర్వేలకూ జనగణన చట్టంతో సమానమైన గోప్యత చట్టంగా రావాలి. వ్యక్తి పేరు నుంచి కులం వివరాన్ని విడదీసిన తర్వాతే అది గణనకు వెళ్లాలి. పోలీసుకూ పౌరసత్వ విభాగానికీ ఆ దస్త్రం అందకుండా నిషేధం ఉండాలి. విముక్త జాతులకు గణనలో విడిగా ఒక సంకేతం ఇవ్వాలి. ఉపకులాల స్థాయి దాకా పట్టికలు గడువులోగా ప్రచురించాలి. అలవాటైన నేరస్తుల చట్టాలను రద్దు చేయాలి. తన గురించి పోలీసు దస్త్రంలో ఏముందో చూసే హక్కు, తప్పయితే ఆ దస్త్రం రాసినవాడి దగ్గర కాక మరో స్వతంత్ర వ్యవస్థ ముందు ప్రశ్నించే హక్కు ప్రతి మనిషికీ ఉండాలి.

ఆ ఉపాధ్యాయుడు మూడోనాడు మళ్లీ వచ్చాడు. ఈసారి అత్తయ్య బయటికి వచ్చి కూర్చుంది. నేను గంటసేపు చెప్పిన మాటలకు ఒప్పుకుని వచ్చిందనుకోవడానికి లేదు. ఆమె ఒక షరతు పెట్టింది: రాసిన ప్రతి ముక్కా తనకు చదివి వినిపించాలి. అతను ఓపిగ్గా చదివాడు. పేరు, వయసు, కులం, చదువు, భూమి. అన్నీ విన్నాక "వేలిముద్ర వెయ్యాల్నా?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా" అన్నాడు. ఆమె తన బొటనవేలిని చీరకొంగులోకి తీసుకుని, "మరి ఈ కాయితం ఎవురికిస్తావో ఇంకా చెప్పలా నువ్వు" అంది. అతను నా వైపు చూశాడు. నేను కూడా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు శాసనసభ చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పాలి.